విశ్వాసానికి రూపం: కళాశాల తరగతిలో సృజనాత్మక అసైన్‌మెంట్లు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

డిగ్రీ స్థాయి తెలుగు బోధనలో సృజనాత్మక రచనకు పాఠ్యప్రణాళికలోనే చోటు ఏర్పడింది. విద్యార్థి తన నమ్మకాలను తానే పరిశీలించుకోవడానికి కవిత, కథ, చిత్రం వంటి అసైన్‌మెంట్లు తోడ్పడతాయన్న ఆశ దీని వెనుక ఉంది. ఆ ఆశ ఎప్పుడు నెరవేరుతుందో, ఎప్పుడు వికటిస్తుందో ఈ వ్యాసం చర్చిస్తుంది. రాజమహేంద్రవరంలో ఆస్వాల్డ్ కూల్డ్రే శిష్యుల కృషి, శాంతినికేతన్ హిందీ భవన్ కుడ్యచిత్రం, జాషువ ‘గబ్బిలం’ ఈ చర్చకు ఆధారాలు. నమ్మకాన్ని నేరుగా అడిగితే వల్లెవేత జవాబుగా వస్తుందనీ, కళారూపం విధించే నిబంధన ద్వారా అడిగినప్పుడే విద్యార్థికి తన నమ్మకం కొత్తగా కనిపిస్తుందనీ ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: సృజనాత్మక రచన, అసైన్‌మెంటు, విశ్వాసం, సందేశకావ్యం, జాషువ, దామెర్ల రామారావు, మూల్యాంకనం.

1. ప్రవేశిక:

ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సుల్లో 2020–21 నుండి అమలైన తెలుగు పాఠ్యప్రణాళికలో మూడవ సెమిస్టరు పత్రానికి ‘సృజనాత్మక రచన’ అని పేరు. కవితా రచన, కథా రచన, వ్యాసం, అనువాదం, పత్రికలకూ ప్రసార మాధ్యమాలకూ రాయడం అందులో పాఠ్యాంశాలయ్యాయి. అంతకుముందు తెలుగు తరగతిలో విద్యార్థి పని ప్రధానంగా చదవడం, ప్రతిపదార్థ తాత్పర్యాలు రాయడం, సందర్భసహిత వ్యాఖ్యలు చేయడం. ఇతరుల రచనకు వ్యాఖ్యాతగా ఉన్నవాడిని రచయితగా మారమనడం చిన్న మార్పు కాదు. రచయిత ఏదో ఒకటి నమ్మాలి, లేదా నమ్మలేకపోతున్నానని ఒప్పుకోవాలి.

ఆచరణలో జరుగుతున్నది వేరు. ‘మానవత్వం’, ‘దేశభక్తి’, ‘అమ్మ’, ‘పర్యావరణం’ వంటి శీర్షికలిచ్చి కవిత రాయమన్నప్పుడు అరవైమంది విద్యార్థుల నుండి వచ్చే కాగితాలు ఒకే చేతి రాతలా ఉండడం తెలుగు అధ్యాపకులకు పరిచితమైన అనుభవం. మతాలన్నీ ఒక్కటేనని అందరూ రాస్తారు. కులం పోవాలని అందరూ రాస్తారు. ఆ వాక్యాలు తప్పని కాదు. వాటిని రాసిన విద్యార్థి వాటిని నమ్ముతున్నాడో లేదో ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు, అతడు కూడా చెప్పలేడు. పన్నెండేళ్ళ పరీక్షా శిక్షణ అతనికి ఒక విద్యను బాగా నేర్పింది: అడిగినవారు ఏమి వినాలనుకొంటున్నారో పసిగట్టి అదే రాయడం. సృజనాత్మక అసైన్‌మెంటు ఆ విద్యకు మరొక అభ్యాసంగా మారితే, పాత సందర్భసహిత వ్యాఖ్యే నయం. అందులో కనీసం ఒక పద్యమైనా గుర్తుండేది.

ఈ వ్యాసంలో ‘విశ్వాసం’ అన్న మాట మతవిశ్వాసానికి మాత్రమే పరిమితం కాదు. ఏది మైల, ఏది శుద్ధి. ఎవరి ఇంట నీళ్ళు తాగవచ్చు, ఎవరిని పెళ్ళాడవచ్చు. చనిపోయినవారు ఎక్కడికి పోతారు. హాల్‌టికెట్టును దేవుడి పటం ముందు పెట్టి వెళ్ళడంలో ఏముంది – ఇవన్నీ ఇరవై ఏళ్ళ విద్యార్థి మోస్తున్న విశ్వాసాలే. వీటిలో చాలావాటిని అతడు ఎన్నడూ మాటల్లో పెట్టి ఉండడు. పెట్టవలసిన అవసరం రాలేదు. ఇంట్లో అవి ఆచరణలో ఉంటాయి, తరగతిలో వాటి ప్రస్తావన ఉండదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని కళ దాటించగలదా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. పాఠ్యప్రణాళికకు బయట – రాజమహేంద్రవరం:

తెలుగునాట ఒక కళాశాల కేంద్రంగా విద్యార్థులు కళలోకి నడిచిన సందర్భాల్లో రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలది ప్రత్యేక స్థానం. 1909 నుండి 1919 వరకు అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన ప్రోత్సాహం పొందినవారు. దామెర్ల రామారావులోని చిత్రకారుణ్ణి చిన్న వయసులోనే గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడానికి తోడ్పడినవారు కూడా కూల్డ్రేయే. రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే మరణించారు. బాపిరాజు కవిగా, నవలాకారుడుగా, చిత్రకారుడుగా సాగి, తరువాత మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు అధ్యక్షత వహించారు.

ఈ చరిత్రను గురుభక్తి గాథగా చెప్పుకోవడం పరిపాటి. ఇక్కడ కావలసింది అది కాదు. రామారావు ఎన్నుకొన్న వస్తువులను గమనించాలి. ఆయన చిత్రాల్లో ‘సిద్ధార్థ రాగోదయం’ ఒకటి, ‘ఋష్యశృంగ బంధనం’ మరొకటి. సిద్ధార్థుని కథలో లోకం కేంద్రంగా భావించేది మహాభినిష్క్రమణాన్ని. చిత్రకారుడు తీసుకొన్నది రాగం ఉదయించిన ఘట్టం. ఋష్యశృంగుని కథలో కూడా తపస్సు కన్నా తపస్వి చిక్కుకొన్న క్షణమే చిత్రవస్తువైంది. వైరాగ్యాన్ని పరమ విలువగా చెప్పే సంస్కృతిలో పెరిగిన యువకుడు, ఆ సంస్కృతి కథలనే తీసుకొని, వైరాగ్యం ఇంకా మొదలుకాని చోట ఒకసారి, ఓడిపోయిన చోట మరొకసారి నిలబడి చూశాడు. ‘సన్న్యాసం గొప్పదా, సంసారం గొప్పదా’ అని వ్యాసం రాయమంటే ఆ యువకుడు ఏమి రాసేవాడో ఊహించడం కష్టం కాదు. కథలోని ఏ క్షణాన్ని గీయాలన్న నిర్ణయం అతనిచేత మరో మాట చెప్పించింది.

కళ విశ్వాసాన్ని పరిశీలించే తీరు ఇదే. వ్యాసంలో ఒక అభిప్రాయం నుండి తప్పించుకోవచ్చు, అటూ ఇటూ చెప్పి సరిపెట్టవచ్చు. చిత్రంలో ఏదో ఒక క్షణాన్ని ఎన్నుకోకతప్పదు.

అయితే ఈ ఉదాహరణకు పరిమితులున్నాయి. వాటిని దాచి, ‘కూల్డ్రే వంటి అధ్యాపకులు నేడు లేరు’ అని వాపోవడంలో ప్రయోజనం లేదు. మొదటిది: ఆ చిత్రాలు అసైన్‌మెంట్లు కావు. వాటికి మార్కుల పట్టిక లేదు, గడువు లేదు. రెండవది: ప్రతిభ కనబరచిన కొద్దిమందికి దక్కిన సాన్నిహిత్యం అది. అరవైమంది కూర్చున్న తరగతికి అది నేరుగా నమూనా కాలేదు. మూడవది మరింత చిక్కైనది. విద్యార్థులు భారతీయ వస్తువులనే చిత్రించాలన్న ఆ కాలపు కోరిక – బెంగాలు చిత్రకళా ఉద్యమం నుండి మచిలీపట్నం జాతీయ కళాశాల దాకా వ్యాపించిన కోరిక – తనంత తానే ఒక విశ్వాసం. జాతీయ విద్య కోసం 1910లో స్థాపితమైన ఆ కళాశాల ఆశయం గొప్పదే. కానీ విద్యార్థికి ఏమి నమ్మాలో ముందే తెలిసిన చోట కళ చేయగలిగే అన్వేషణకు హద్దులు గీసి ఉంటాయి. ఆ హద్దుల్లోపల కూడా రామారావు తనకు కావలసిన క్షణాన్ని వెతుక్కోవడం ఆయన ప్రతిభకు గుర్తు. ప్రతి విద్యార్థి నుండి దానిని ఆశించలేము.

3. తడిగోడ మీద సంతులు:

రాజమహేంద్రవరంలో పాఠ్యప్రణాళికకు బయట జరిగినది శాంతినికేతన్‌లో విద్యాభ్యాసంలో భాగమైంది. తెలుగువారికి ఆ సంస్థతో అనుబంధం పాతదే. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదువుకొన్నారు. తెలంగాణ చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు నందలాల్ బోస్ వద్ద శిక్షణ పొందారు. 1919లో ఏర్పడిన కళాభవన్‌లో గోడలపై బొమ్మలు వేయడం గురువులూ విద్యార్థులూ కలిసి చేసే పని. వాటిలో వినోద్ బిహారీ ముఖర్జీ 1946–47లో హిందీ భవన్ గోడలపై చిత్రించిన మధ్యయుగ సంతుల జీవితాలు ఈ చర్చకు ముఖ్యం. విద్యార్థులు ఆ పనిలో సహాయకులు. తరువాతి కాలంలో పెద్ద చిత్రకారుడూ కళా విమర్శకుడూ అయిన కె.జి. సుబ్రమణ్యన్ వారిలో ఒకరు.

ఆ చిత్రం తడిగార మీద వేసినది. సున్నపు గార పచ్చిగా ఉండగానే నీటిలో కలిపిన రంగు పూయాలి. గార ఆరుతున్నకొద్దీ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రంగును తనలో బంధిస్తుంది. ఒక రోజు మెత్తిన గార ఆ రోజే పూర్తి కావాలి. ఆరిన తరువాత దిద్దుబాటుకు వీలుండదు. పూర్తి పరిమాణంలో నమూనా గీసుకొని గోడమీదికి ఎక్కించే అలవాటును కూడా వినోద్ బిహారీ పాటించలేదు. పుట్టుక నుండి చూపు మందగించిన కళాకారుడు ఆయన. 1956లో అది పూర్తిగా పోయింది. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ 1972లో ఆయనపై ‘ది ఇన్నర్ ఐ’ అనే లఘుచిత్రం తీశారు.

ఆ గోడపై రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద సింగ్ వంటివారు కనిపిస్తారు. వారు విడివిడి పటాల్లో, తలల వెనుక కాంతిచక్రాలతో కూర్చున్న దేవతామూర్తులు కారు. జనం మధ్య, పనీపాటల మధ్య, ఊళ్ళ మధ్య, ఒక ప్రవాహంలో భాగంగా ఉంటారు. భక్తి ఒంటరి అనుభవమా, సామాజిక చలనమా అన్న ప్రశ్నకు ఆ చిత్రం జవాబును మాటల్లో చెప్పలేదు. మనుషులను ఎక్కడ నిలబెట్టాలో, ఎంత పెద్దగా గీయాలో, ఇద్దరి మధ్య ఎంత చోటు వదలాలో నిర్ణయించడం ద్వారా చెప్పింది. అక్కడ పనిచేసిన విద్యార్థికి భక్తి ఉద్యమం గురించిన ఉపన్యాసం కన్నా, ‘కబీరు చుట్టూ ఎవరుండాలి’ అన్న ప్రశ్న ఎక్కువ నేర్పి ఉంటుంది.

డిగ్రీ కళాశాలలో తడిగార పని సాధ్యం కాదు. దాని నుండి తీసుకోదగినది మాధ్యమం కలిగించే నిర్బంధం. మాధ్యమం ప్రతిఘటించాలి. ఏమి రాసినా చెల్లిపోయే వచన కవిత్వపు అసైన్‌మెంటులో విద్యార్థికి ఎదురు తిరిగేది ఏదీ లేదు కనుక అతడు అలవాటైన మాటల్లోకి జారిపోతాడు. స్వేచ్ఛ ఎక్కువైతే సృజన పెరుగుతుందన్న అభిప్రాయం తరగతి గదిలో చాలాసార్లు తలకిందులవుతుంది.

4. దూతను ఎన్నుకోవడం – ‘గబ్బిలం’ ఇచ్చే నమూనా:

తెలుగు శాఖకు గోడలూ రంగులూ లేకపోయినా కావ్యరూపాలున్నాయి. విశ్వాస పరిశీలనకు వాటిలో ఏది పనికివస్తుందని అడిగితే, సమాధానంగా మొదట చెప్పవలసినది 1941 నాటి జాషువ ‘గబ్బిలం’. ఈ కావ్యాన్ని సామాజిక నిరసనగా బోధించడం స్థిరపడింది, అది సమంజసం కూడా. దాని రూపనిర్ణయం మీద తరగతిలో గడిపే సమయం మాత్రం తక్కువ.

కాళిదాసు మేఘసందేశంలో శాపగ్రస్తుడైన యక్షుడు అలకాపురిలోని భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువ ఆ చట్రాన్ని యథాతథంగా తీసుకొని మూడు స్థానాలను మార్చారు. పంపేవాడు యక్షుడు కాదు, పేరులేని అరుంధతీసుతుడు. వినేది భార్య కాదు, శివుడు. మోసేది మేఘం కాదు, గబ్బిలం. ఈ మూడింటిలో మూడవదే కావ్యానికి ప్రాణం. హంస, చిలుక, మేఘం వంటి దూతలకు కావ్యలోకంలో గౌరవముంది. గబ్బిలం అశుభమని లోకం తోసివేసిన ప్రాణి. అయినా ఆ ప్రాణికి గర్భగుడి చూరులో వేలాడే స్వేచ్ఛ ఉంది, మనిషికి గుమ్మం దాటే హక్కు లేదు. దేవుని చెవి దానికి దగ్గర. పూజారి లేని సమయం చూసి తన కథ విన్నవించమని నాయకుడు దానిని వేడుకొంటాడు. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం 1947లో వచ్చింది. కావ్యం అంతకు ఆరేళ్ళు ముందుది.

ఈ ఎంపికలో ఒక విశ్వాస స్థితి బయటపడింది. ‘శివుణ్ణి నమ్ముతావా, నమ్మవా’ అని నాయకుణ్ణి ప్రశ్నావళి పద్ధతిలో అడిగితే రెండు గడుల్లో ఏదో ఒకదానిలో గుర్తు పెట్టవలసి ఉంటుంది. కావ్యం ఆ రెండు గడుల్లోనూ ఇమడదు. ఫిర్యాదు చేసేవాడు వినేవాడున్నాడని ఒప్పుకొన్నట్టే. వినేవాడు ఇంతకాలం వినలేదని నిలదీస్తున్నాడు కూడా. మధ్యవర్తిని తప్పించి వెళ్ళమనడంలో దేవునికీ దేవాలయ వ్యవస్థకూ మధ్య గీత గీస్తున్నాడు. భక్తి, అభియోగం, వ్యంగ్యం ఒకే చోట నిలబడగలిగాయంటే దానికి కారణం గబ్బిలమే. ఇది కవి ముందుగా ఒక సిద్ధాంతంగా ఆలోచించి తరువాత పద్యాల్లో పెట్టినదా, దూత దొరికిన తరువాత ఆలోచన విచ్చుకొన్నదా అని తేల్చనవసరం లేదు. పాఠకుడికి మాత్రం ఆ ఆలోచన దూత ద్వారానే అందుతుంది.

మరో విశేషం: క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి శివునికి సందేశం పంపే పాత్రను సృష్టించారు. పాత్ర వేరు, కవి వేరు. ఆ ఎడం కవికి రక్షణ కూడా, స్వేచ్ఛ కూడా. తన సొంత మతం ఏమి చెబుతుందో ప్రకటించనవసరం లేకుండానే తాను పడిన అవమానపు మూలాన్ని తాకగలిగారు. తరగతి గదికి ఈ సంగతి ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. భిన్న కులాల, మతాల విద్యార్థులు పక్కపక్కన కూర్చున్న చోట ‘నీ నమ్మకం చెప్పు’ అన్న ఆదేశం అందరిమీదా సమానంగా పడదు. మెజారిటీ ఆచారాల్లో పెరిగినవాడికి అది పండగ వర్ణన. మరొకరికి అది తానెవరో బయటపెట్టుకోవడం. పాత్ర అనే తెర ఆ అసమానతను పూర్తిగా తొలగించలేకపోయినా తగ్గించగలదు.

కనుక సందేశకావ్య రూపాన్నే అసైన్‌మెంటుగా ఇవ్వవచ్చు. ‘మీ నమ్మకం గురించి కవిత రాయండి’ అనడానికి బదులు, ‘ఒక పాత్రను ఊహించండి, ఆ పాత్ర తాను నేరుగా చేరలేని ఒకరికి కబురు పంపాలి, ఎవరికి, ఎవరి ద్వారా, ఏ దారిలో పంపుతుందో రాయండి, దూత పేరు చెప్పిన ప్రతిచోటా ఆ దూతనే ఎందుకు ఎన్నుకొన్నదో అర్థం కావాలి, దూతను పొగడరాదు’ అని చెప్పవచ్చు. ఇందులో దేవుడన్న మాట లేదు, మతమన్న మాట లేదు. అయినా విద్యార్థి జవాబివ్వక తప్పని ప్రశ్నలు మూడున్నాయి. చేరలేనిది ఎవరిని? అంటే, అధికారం ఎవరి చేతిలో ఉందని నమ్ముతున్నాడు? దూత ఎవరు? అంటే, ఎవరిని నమ్మి మాట అప్పగించగలడు? దారిలో అడ్డెవరు? అంటే, తనకూ వినేవారికీ మధ్య ఎవరిని చూస్తున్నాడు? చనిపోయిన తాతకు పిండం ముట్టే కాకితో కబురు పంపే విద్యార్థి, మరణం తరువాత ఏమవుతుందన్న దాని మీద వ్యాసం రాసే విద్యార్థి కన్నా ఎక్కువ ఇరుకున పడతాడు. కాకి మాట మోస్తుందా? మోస్తే, రాని రోజున ఏమనుకోవాలి? ఆ ప్రశ్న అధ్యాపకుడు అడిగినది కాదు, కాకి అడిగినది.

5. ప్రశ్నను నిర్మించడం:

అసైన్‌మెంటు విలువ దాదాపు పూర్తిగా ప్రశ్న నిర్మాణంలో ఉంటుంది. ఇది అధ్యాపకుడి సృజన. దీనికి దొరికే ఆదరణ తక్కువ. శీర్షిక ఇచ్చి ఊరుకోవడానికి అర నిమిషం చాలు, నిబంధన తయారుచేయడానికి ఒక సాయంత్రం పడుతుంది.

నిబంధనల్లో నిషేధానికి ఎక్కువ శక్తి ఉంది. ఇంట్లో దేవుడి పటాలో, శిలువో, ఖిబ్లా దిక్కును చూపే గుర్తో, లేదా ఒక నాయకుడి బొమ్మో ఉన్న గోడను ఇరవై వాక్యాల్లో వర్ణించమని, ‘భక్తి’, ‘నమ్మకం’, ‘పవిత్రం’, ‘ప్రశాంతత’ అన్న మాటలు వాడరాదని చెబితే చాలు. ఆ నాలుగు మాటలూ పోయాక మిగిలేవి వస్తువులు: పటం అద్దం మీద నూనె జిడ్డు, ఎండిపోయిన దండ, పటాల వెనుక దాచిన కరెంటు బిల్లు, ఎవరూ పేరు చెప్పలేని ఒక పాత ఫొటో. ఏ పటం మధ్యలో ఉంది, ఏది మూలకు జరిగింది అని రాస్తున్నప్పుడు ఆ ఇంటి విశ్వాసాల చరిత్ర విద్యార్థి ముందు బయటపడుతుంది. గోడ మీద ఏమీ లేని ఇల్లు కూడా వర్ణనీయమే.

తెలుగు నేల మీది ఆచారాలు ఈ పనికి ఎంతో అనుకూలం, ఎందుకంటే వాటిలో చాలా భాగం పాఠ్యపుస్తకపు విభాగాల్లో ఇమడవు. పీర్ల పండుగలో పీరు ఎత్తేవారిలో హిందువులుంటారు. అనంతపురం ప్రాంతపు గూగూడు కుళ్ళాయిస్వామి ఉత్సవం దానికి ప్రసిద్ధ ఉదాహరణ. బతుకమ్మను తంగేడు, గునుగు, బంతి పూలతో వరుసలు వరుసలుగా పేర్చి, పసుపు గౌరమ్మను నిలిపి, పాడి, ఆడి, చివరకు నీటిలో వదిలేస్తారు. తయారుచేసిన కళాకృతిని తమ చేతులతోనే వదిలేసే ఈ ఆచారం కళ అంటే నిలబెట్టుకోవడమన్న అభిప్రాయాన్నే ప్రశ్నిస్తుంది. బతుకమ్మ పేర్చే విద్యార్థిని ఏ పువ్వు ఏ వరుసలోకి రావాలో అమ్మ దగ్గర నేర్చుకొన్న క్రమాన్ని కాగితం మీద గీసి, ఆ క్రమాన్ని ఎవరు నిర్ణయించారో ఇంట్లో అడిగి రాస్తే, అది జానపద విజ్ఞానపు క్షేత్రపరిశోధన కూడా అవుతుంది. ముగ్గుకైనా, బొమ్మల కొలువుకైనా ఇదే వర్తిస్తుంది.

మూడో రకం ప్రశ్న కష్టమైనది: తాను అంగీకరించని నమ్మకం గల వ్యక్తి స్వగతం. ఎగతాళి చేయరాదు, చివర మారిపోయినట్టు చూపరాదు అన్న రెండు నిబంధనలూ తప్పనిసరి. ఇవి లేకపోతే మూఢనమ్మకాల నిర్మూలన మీద నాటిక వస్తుంది. నాస్తికుడైన విద్యార్థి మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన కొండెక్కే తల్లి గొంతుతో మాట్లాడాలి. భక్తురాలైన విద్యార్థిని గుడి ముందు ఆగిపోయిన తండ్రి గొంతుతో మాట్లాడాలి. మొదటి చిత్తుప్రతిలో ఇవి దాదాపు ఎప్పుడూ విఫలమవుతాయి. ఆ వైఫల్యం పనికివచ్చేదే, రెండో ప్రతి కూడా అడిగితే. మొదటి ప్రతితోనే మార్కులు వేసి ఫైలు కట్టేస్తే అసైన్‌మెంటు అక్కడే ఆగిపోతుంది. కృత్రిమ మేధ ఉపకరణాలు నిమిషంలో కవిత అల్లి ఇచ్చే ఈ కాలంలో చిత్తుప్రతుల వరుసను అడగడానికి మరో కారణం కూడా చేరింది. అయితే దొంగతనం పట్టుకోవడానికి మాత్రమే చిత్తుప్రతులు అడిగే అధ్యాపకుడు వాటిని చదవడు.

6. మార్కులు, మౌనం:

ఇక్కడికి వచ్చేసరికి అసలు చిక్కు ఎదురవుతుంది. అసైన్‌మెంటుకు అంతర్గత మూల్యాంకనంలో మార్కులుంటాయి. విద్యార్థి తన విశ్వాసాన్ని నిజాయితీగా తడిమి చూసిన కాగితానికి ఏడా, ఎనిమిదా అని అంకె వేయడం ఎలా? ‘నిజాయితీ’ అన్న గడి పెట్టి మార్కులు వేస్తే విద్యార్థులు నిజాయితీని నటించడం త్వరలోనే నేర్చుకొంటారు. కన్నీళ్ళకు మార్కులు వస్తాయని తెలిస్తే కన్నీళ్ళు వస్తాయి.

మార్కు నమ్మకానికి కాక రూపనిర్ణయాలకు పడాలి. దూత ఎంపిక చివరిదాకా నిలబడిందా, నిషేధించిన మాటలకు బదులు వస్తువులు వచ్చాయా, రెండో ప్రతిలో ఏమి మారింది – వీటిని విద్యార్థి కులమతాలతో నిమిత్తం లేకుండా చదవవచ్చు. ‘గబ్బిలం’ లాంటి కావ్యాన్ని కూడా విమర్శకులు కవి విశ్వాసానికి కాక రూపానికీ, చూపుకూ కదా విలువ కట్టేది. రచనతోపాటు వివరణ పత్రం అడిగే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అందులో ‘నా రచన ద్వారా సమాజానికి ఇచ్చే సందేశం’ అన్న అంశం ఉంటే దానిని కొట్టివేయడం మంచిది. ‘ఏది రాసి తీసివేశారు, ఎందుకు’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

న్యాయపరమైన ఆక్షేపణ ఒకటి వినవస్తుంది: ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో విశ్వాసాల ప్రస్తావన తగునా? రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధనను నిషేధించింది. మతాల గురించి చదవడం మతబోధన కాదని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసింది. కనుక ఆక్షేపణకు ఆ రూపంలో బలం లేదు. కానీ మరో తీర్పు అధ్యాపకులకు ఎక్కువ పనికివస్తుంది. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, పాడకుండా ఉన్నందుకు బడి నుండి బహిష్కృతులయ్యారు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ బహిష్కరణను కొట్టివేసింది. భావప్రకటన స్వేచ్ఛలోనూ, అంతరాత్మ స్వేచ్ఛలోనూ మౌనంగా ఉండే హక్కు ఇమిడి ఉందని ఆ తీర్పు సారం. పిల్లలు నిలబడ్డారు, అగౌరవం చేయలేదు, నోరు మాత్రం విప్పలేదు.

సృజనాత్మక అసైన్‌మెంటు ఇచ్చే అధ్యాపకుడు ఈ తీర్పును తరగతిలోకి తెచ్చుకోవాలి. విశ్వాసాన్ని పరిశీలించమనడం ఒకటి, దానిని బయటపెట్టమనడం మరొకటి. మొదటిది బోధన, రెండవది విచారణ. ఈ రెంటి మధ్య గీత సన్నగా ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే అది చెరిగిపోతుంది. విద్యార్థిని రాసిన స్వగతం బాగుందని ఆమెను అడగకుండా తరగతిలో పైకి చదివే అధ్యాపకుడు ఆమెకు మెప్పు ఇస్తున్నాననే అనుకొంటాడు. ఆ స్వగతంలోని తండ్రి ఎవరి తండ్రో పక్క బెంచీవారికి తెలిసిపోయిందన్న సంగతి అతనికి తట్టదు. కళాశాల గోడపత్రికకు ఎక్కించేటప్పుడు, వార్షిక సంచికలో అచ్చువేసేటప్పుడు, మూల్యాంకన బృందాల తనిఖీకి ఫైళ్ళు పెట్టేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. నాణ్యతా ప్రమాణాల కోసం సాక్ష్యాలు సేకరించే ఒత్తిడిలో విద్యార్థి రచన కళాశాల ఆస్తిగా మారిపోతోంది.

ఆచరణలో దీనికి అవసరమైనవి చిన్న ఏర్పాట్లే. అసైన్‌మెంటు ప్రకటించిన రోజే వ్యక్తిగతమైన ప్రశ్నకు బదులుగా, అదే కష్టంతో, సొంత జీవితాన్ని తాకని మరో ప్రశ్న ఇవ్వాలి. దానిని ఎన్నుకొన్నవారిని కారణం అడగరాదు. కాగితం పైన ‘అధ్యాపకులకు మాత్రమే’ అని రాసుకొనే హక్కు విద్యార్థికి ఉండాలి. ఫైలులో ఆ రచనకు బదులు ప్రశ్న, నిబంధనలు, మార్కుల వివరం ఉంచితే తనిఖీకి సరిపోతుంది. మార్జినులో అధ్యాపకుడు రాసే వ్యాఖ్య కూడా రూపం గురించే ఉండాలి: ‘ఈ కాకి మూడో చరణం తరువాత ఎక్కడికి పోయింది?’ అని అడగవచ్చు, ‘మీ తాతగారి ఆత్మకు శాంతి కలుగుగాక’ అని రాయకూడదు. మొదటి వ్యాఖ్య విద్యార్థిని మళ్ళీ కాగితం దగ్గరికి పంపుతుంది. అక్కడ కాకి కోసం వెతుక్కొంటూ అతడు ఏమి కనుగొంటాడన్నది, అతడు చెప్పదలచుకొంటే తప్ప, అధ్యాపకుడికి తెలియవలసిన విషయం కాదు.